ఏడో పడవ పేర్లు

వరదల రోజుల్లో పాపాయికి పని తక్కువ. గోదావరి ఎర్రబడి, విరిగిన చెట్లనీ గుర్రపుడెక్కనీ మోసుకుంటూ మొగ దగ్గర సముద్రంలోకి పడుతుంటే, మొగపాలెం నుంచి వేటకెళ్ళే పడవలు నాలుగో అయిదో ఉంటాయి. ఆ మంగళవారం పొద్దున్నే ఆవిడ యానాం వెళ్ళి, బుట్టలో ఉన్న రెండు పులసల్నీ అమ్మేసి, తొమ్మిదింటికల్లా ఇల్లు చేరింది. చద్దన్నంలోకి ఉల్లిపాయ నంజుకుని తింది. మిరియాలు వేసి కాచిన నీళ్ళతో గొంతు పుక్కిలించింది. ఊరంతటికీ కావలసిన గొంతు మరి, జాగ్రత్తగా చూసుకోవాలి.

మధ్యాహ్నం భోజనాల వేళకి వేటకెళ్ళినవాళ్ళని పేరుపేరునా పిలవడం పాపాయి పని. ఆవిడ మొగ దగ్గర నిలబడి పిలిస్తే మనిషి సముద్రంలో ఎక్కడున్నా వస్తాడు. ఇంజన్ చెడిపోయినా, గాలి ఎదురు కొడుతున్నా, వలమీద పడి నిద్రపోతున్నా సరే, పడవ ముక్కు తిప్పుకుని ఒడ్డుకి వచ్చేస్తుంది. వాళ్ళమ్మ అలాగే పిలిచేది, అంతకుముందు అమ్మమ్మ. మనిషి పేరు సరిగ్గా తెలియాలి, తిన్నగా పలకాలి, అంతే. పంచాయతీవాళ్ళు ఆవిడ నిలబడడానికి సిమెంటు అరుగు కట్టించి పైన రేకు వేయించారు. దానికి ప్రారంభోత్సవం చేసిన సర్పంచి తన పేరు రాయించుకున్నాడు గానీ పాపాయి పేరు రాయించడం మర్చిపోయాడు. ఆవిడా అడగలేదు.

కంచం కడుగుతుంటే పక్కింటి వీరవేణి గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది.

"అత్తా! తెల్లోడ తగలబడిపోతంది!"

విశాఖపట్నం నుంచి చెన్నైకి షికారు జనాన్ని తీసుకెళ్ళే ఓడని ఊళ్ళో అందరూ తెల్లోడ అంటారు. వారానికోసారి దూరంగా, మేడలమీద మేడలు పేర్చినట్టు కదిలిపోతుంటే పిల్లలు చేతులూపుతారు. పాపాయి చెయ్యి తుడుచుకోకుండానే ఒడ్డుకి వచ్చింది. తూర్పున, కనుచూపు అంచులో, ఓడ కనబడడం లేదు. నల్లటి పొగ లేచి, గాలికి వంగి, నీళ్ళమీదకి పడుకుని ఉంది.

అప్పటికే పల్లంరాజు పడవని నీళ్ళలోకి తోస్తున్నాడు. వాడు పాపాయి అక్క కొడుకు. వేటకెళ్ళొద్దని రెండు రోజులుగా హెచ్చరిక ఉంది. మెరైన్ ఎస్సై చంద్రరావు మోటారుసైకిలు మీద వచ్చి ఒడ్డున ఆగాడు. అందరూ ఆయనకేసి చూశారు. ఆయన పొగకేసి చూశాడు.

"డీజిలు సరిపోద్దా?" అని మాత్రం అడిగాడు.

ఆరు పడవలు వెళ్ళాయి.

గంటన్నర తర్వాత మొదటి రెండు తిరిగొచ్చాయి. పడవనిండా మనుషులు, ఒకళ్ళమీద ఒకళ్ళు. నైటీలో ఉన్న పెద్దావిడ, ఒంటికాలి బూటుతో ఒకాయన, మాట పడిపోయిన ఇద్దరక్కచెల్లెళ్ళు. జుట్టు కాలిన వాసన, నూనె వాసన. ఊళ్ళో ఆడవాళ్ళు చీరలూ దుప్పట్లూ తెచ్చి కప్పి, వాళ్ళని తుపాను షెల్టర్‌లోకి నడిపించారు. చంద్రరావు వైర్‌లెస్‌లో మాట్లాడి విషయం తెలుసుకున్నాడు. ఓడలో దాదాపు తొమ్మిదివందల మంది. వాళ్ళని ప్రాణరక్షణ పడవల్లో దించితే కోస్ట్ గార్డ్ నౌక ఎక్కించుకుని కాకినాడ తీసుకెళుతోంది. ఏడో నంబరు పడవ ఒక్కటే తాడు ఇరుక్కుని సగంలో వేలాడిపోయింది. దాంట్లోవాళ్ళు నీళ్ళలోకి దూకేశారు.

"పొగలో చెయ్యి చాపితే చెయ్యి కనపట్లేదు పిన్నీ," అన్నాడు పల్లంరాజు. వాడి కళ్ళు నెత్తురు ముద్దల్లా ఉన్నాయి. "వరదనీరు జనాన్ని లోపలికి లాక్కుపోతంది. అరుపులు వినపడతన్నాయి, అటు తిరిగేసరికి ఇంకెక్కడో వినపడతన్నాయి. ఇంకో గంట పోతే ఎవరూ దొరకరు." జనాన్ని దించగానే పడవని మళ్ళీ లోపలికి తిప్పాడు.

పాపాయి అప్పటికే అరుగెక్కి ఉంది. "ఓడమీద జనాల్లారా! ఇటు రండి!" అని అరిచింది. "అమ్మా! అయ్యా! తల్లీ!" అంది. గొంతు నీళ్ళమీద వెళ్ళి ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయింది. పేరు లేని పిలుపు ఎవరికని వినబడుతుంది! ఆవిడ రెండు చేతుల్తోనూ నెత్తి కొట్టుకుంది. అక్కడ మనుషులు మునిగిపోతున్నారు, ఇక్కడ గొంతుంది, మధ్యలో పేర్లు లేవు.

మూడో పడవలో వచ్చినవాళ్ళలో ముప్ఫై ఏళ్ళ కుర్రాడొకడు నేరుగా ఎస్సై దగ్గరికి వచ్చాడు. మెడలో ప్లాస్టిక్ సంచీ, అందులో మడతపెట్టిన కాగితం.

"నా పేరు సుకుమార్ అండి. ఓడలో గదులు చూసే పని. ఏడో పడవ బాధ్యత నాదేనండి." వాడి పళ్ళు టకటకలాడుతున్నాయి. "నలభై రెండు మందండి. ఇదిగోండి లిస్టు."

"పేర్లా?" పాపాయి అరుగు దిగి వచ్చేసింది. "అవి పేర్లేనా బాబూ?"

"అవునండి."

"ఒడ్డుకి చేరినోళ్ళకి గుర్తు పెట్టు. మిగతావి చదువు."

సుకుమార్ ఎందుకని అడగలేదు. షెల్టర్‌లోకి వెళ్ళి ఒక్కొక్క మొహం చూసి గుర్తులు పెట్టుకుని వచ్చాడు. ఇరవై రెండు మంది చేరారు. ఇరవై మంది నీళ్ళలో ఉన్నారు. చంద్రరావు వైర్‌లెస్‌లో, "పాపాయిగారు పిలుస్తున్నారు, పడవల్ని మొగకి ఎదురుగా వరసగా నిలబెట్టండి," అన్నాడు. అవతలినించి కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ వాళ్ళు, పొగ దక్షిణానికి తిరిగింది, ఆవిణ్ణి కాస్త కుడివైపు తిరిగి పిలవమనండి అన్నారు.

"మురుగానందం సెల్వకుమార్," చదివాడు సుకుమార్.

పాపాయి పిలిచింది. పిలుపు వెళ్ళి తగిలింది. తగిలితే ఆవిడకి నాలుక కింద తెలుస్తుంది, గాలానికి చేప పడినట్టు. బతికున్న మనిషైతే ఆ బరువు గుంజుతుంది, పెనుగులాడుతుంది. ఇది గట్టిగా గుంజింది.

"ఉన్నాడు. తరవాత?"

పావుగంటలో వైర్‌లెస్ మోగింది. లావుపాటి మనిషొకడు వరద వాలుకి ఎదురు ఈదకుండానే, వెల్లకిలా తేలుతూ, పల్లంరాజు పడవ దగ్గరికి వచ్చేశాడట.

పేర్లు వస్తూనే ఉన్నాయి. తమిళ పేర్లు, గుజరాతీ పేర్లు, వంటగదిలో పనిచేసే ఫిలిప్పీన్స్ కుర్రాడి పేరు. నోరు తిరగని చోట సుకుమార్ ముక్కలు చేసి చెప్పేవాడు. తప్పు పలికితే పిలుపు వట్టిగా పోయేది. అలా పోయిన ప్రతిసారీ అవతల ఎవరో ఒక గుక్క నీళ్ళు మింగి ఉంటారని తెలిసి పాపాయికి చెమటలు పట్టేవి.

"అనింద్య బందోపాధ్యాయ."

"బందో... మళ్ళీ చెప్పు నాయనా."

షెల్టర్ మెట్లమీంచి ఒకావిడ పరిగెత్తుకొచ్చింది. వీరవేణి చీర కట్టుకుని ఉంది, ఆ కట్టు ఆవిడకి రాలేదు. అనింద్య ఆవిడ భర్త. తెలుగు ఒక్క ముక్క రాదు. పాపాయి పెదాలకేసి చూస్తూ ఆ పేరుని నెమ్మదిగా, పసిపిల్లకి నేర్పినట్టు, మూడుసార్లు పలికింది. నాలుగోసారి పాపాయి పిలిచింది.

తగిలింది. బరువు తగిలింది గానీ గుంజలేదు. నిశ్చలంగా, నానిన వలలా, లాగిన కొద్దీ వస్తోంది.

ఆవిడ రెండు చేతులూ జోడించి పాపాయి మొహంలోకి చూసింది. వస్తున్నాడా అని ఏ భాషలో అడిగినా అదే చూపు. పాపాయి తలూపింది. వస్తున్నాడు, అబద్ధం కాదు. ఆవిడ ఇసకలో కూలబడి పాపాయి పాదాలు పట్టుకుని ఏడ్చింది, ఆనందంతో. పాపాయి కాళ్ళు వెనక్కి తీసుకోలేకపోయింది. "తరవాత చదువు," అంది సుకుమార్‌తో, ఇటు చూడకుండా.

పన్నెండు పేర్లయ్యేసరికి ఉమ్మిలో నెత్తురు పడింది. వీరవేణి తేనె కలిపిన వేణ్ణీళ్ళు తెచ్చింది. పదిహేను పేర్లయ్యేసరికి గొంతు బొంగురుపోయి, ఊళ్ళో కుక్కలు ఆ గొంతు ఎవరిదో పోల్చుకోలేక మొరిగాయి. ఎండ నడినెత్తి దాటి పడమటికి వాలింది. ఆవిడ ఆపలేదు. పంతొమ్మిది పేర్లు పిలిచింది. పంతొమ్మిది మందీ వచ్చారు. పదిహేను మంది బతికి వచ్చారు. నలుగురిని సరుగుడు తోట నీడలో పడుకోబెట్టి దుప్పట్లు కప్పారు. బెంగాలీ ఆవిడ అక్కడికి వెళ్ళి కూర్చుంది.

"అయిపోయినట్టేనా?" అంది పాపాయి.

సుకుమార్ కాగితం మడత పెడుతున్నాడు. చంద్రరావు చెయ్యి చాపి తీసుకున్నాడు.

"ఇంకోటి ఉంది కదయ్యా. ముప్ఫై ఏడు. సురేష్‌బాబు, లాండ్రీ."

"అవునండి," అన్నాడు సుకుమార్. "ఆఖర్న పిలిపిద్దామనండి."

పాపాయి పిలిచింది. పిలుపు వెళ్ళింది. ఎక్కడా తగల్లేదు. ఖాళీ గాలంలా తిరిగొచ్చింది.

"ఈ పేరు గలోడు నీళ్ళల్లో లేడు."

"అంటే ఓడలోనే ఉండిపోయాడా?" అన్నాడు చంద్రరావు.

"లేదండి!" సుకుమార్ దాదాపు అరిచాడు. "నా కళ్ళముందే దూకాడండి. కింద లాండ్రీలోంచి చేతులు కాల్చుకుని పైకొచ్చాడు. లైఫ్ జాకెట్ చిరిగిపోయినావిడెవరో ఏడుస్తుంటే తనది విప్పి ఆవిడకి తొడిగేశాడు. ఉత్తి చేతుల్తో దూకాడండి. ఇంకోసారి పిలవండమ్మా, మీకు దణ్ణం పెడతాను."

రెండోసారీ ఖాళీగానే వచ్చింది. పాపాయి వాణ్ణి జబ్బ పట్టుకుని సరుగుడు చెట్ల వెనక్కి తీసుకెళ్ళింది. మాట్లాడుతుంటే గొంతులో గాజుపెంకులు గుచ్చుకుంటున్నాయి.

"ఇదిగో బాబూ. ఇంకొక్క పేరుకి సరిపడా గొంతుంది నా దగ్గర. దాన్ని వట్టి పేరుమీద ఖర్చు పెట్టించకు. ఎవరతను?"

సుకుమార్ చెట్టుకి తల ఆనించాడు.

"మా అన్నయ్యండి."

రావులపాలెం అవతల లంకలో వాళ్ళ ఊరు. తండ్రి పోయాక అన్నయ్య అరటిగెలలు మోసి తమ్ముణ్ణి చదివించాడు. సుకుమార్‌కి ఓడలో ఉద్యోగం వచ్చింది. అన్నయ్యనీ తీసుకెళ్ళాలనుకున్నాడు. శిక్షణ పరీక్ష అన్నయ్య రెండుసార్లు తప్పాడు. అప్పుడు విశాఖపట్నంలో ఏజెంటు ఒకడు, గల్ఫ్‌కి వెళ్ళిపోయిన ఎవరో సురేష్‌బాబు కాగితాలకి ఇతని ఫోటో అంటించి ఇచ్చాడు.

"మూడేళ్ళండి. ఒకే ఓడలో ఉండి ఒక్కసారి కూడా అన్నయ్యా అని పిలవలేదు. సురేష్ అనేవాణ్ణి. తను కూడా నన్ను 'సార్' అనేవాడు. అదే అలవాటైపోయిందండి. పేరు చెబితే ఇద్దర్నీ జైల్లో పెడతారు. ఇంట్లో మా అమ్మ సువార్తమ్మ, వదిన, చిన్న పాప. అన్నీ మేమేనండి." వాడు పాపాయి చేతులు పట్టుకున్నాడు. "మీ చెవిలో చెబుతాను. మెల్లగా పిలుస్తారా? ఎస్సైగారికి వినబడకుండా?"

"మెల్లగా పిలవడం నాకు చేతకాదు నాయనా. అంత దూరం పోవాలంటే పదూళ్ళకి వినపడాల్సిందే."

సముద్రం మీద హెలికాప్టర్ చప్పుడు ఒకసారి దగ్గరై మళ్ళీ దూరమైంది. పాపాయి ఇసకలో కూర్చుంది. నిలబడే ఓపిక అయిపోయింది.

"తొంభై ఆరు తుపానుకి నాకు ఇరవై ఏళ్ళు," అంది. "పెళ్ళై ఏడాది. ఆ రోజు పదకొండు మందిని పిలిచాను. పదకొండు మందీ వచ్చారు. మా ఆయనా సముద్రంలోనే ఉన్నాడు. మొగుడి పేరు నోటితో ఎలా అంటాం? పక్కనే మా అత్త, మావ, ఊరు ఊరంతా ఉంది. సిగ్గేసింది. 'మావా' అని పిలిచాను. సముద్రంలో ఎంతమంది మావలు! మూడుసార్లు అలాగే పిలిచాను. నాలుగోసారికి పేరు పెట్టి పిలిచాను, బంగార్రాజూ అని. అప్పటికి తగలడానికి ఏమీ లేదు." ఆవిడ నోరు తుడుచుకుంది. "ఇప్పుడు ఆ పేరు సిగ్గు లేకుండా ఎంత గట్టిగానైనా అనగలను. ఏం లాభం!"

సుకుమార్ లేచాడు. చెట్ల మధ్యనుంచి నడిచి ఎస్సై నిలబడ్డ చోటికే వెళ్ళి, ఆయన ఎదురుగా నిలబడి, పాపాయికి వినబడేలా చెప్పాడు.

"ఏసురాజు. కొల్లాబత్తుల ఏసురాజు అండి."

చంద్రరావు జాబితాకేసి చూశాడు. అందులో ఆ పేరు లేదు. వాడి మొహంకేసి చూశాడు. పక్కకి జరిగి పాపాయికి దారి ఇచ్చాడు.

ఆవిడ అరుగెక్కలేదు. నేరుగా నీళ్ళలోకి దిగింది. వరద ఒరవడికి కాళ్ళ కింద ఇసక జారిపోతుంటే వీరవేణి వెనకనుంచి నడుం పట్టుకుంది. మొలలోతు నీళ్ళలో నిలబడి పాపాయి పిలిచింది.

"కొల్లాబత్తుల ఏసురాజూ!"

మొదటిసారి ఏదో తాకి వదిలేసింది. రెండోసారి పిలుస్తుంటే సగంలో గొంతు తెగింది. "ఏసు" అన్నంత వరకే చప్పుడు వచ్చింది, మిగతాది గాలే. కానీ నాలుక కింద సన్నగా, పోగులాగా, బరువు పడింది. పేరు తగిలాక వదలకూడదు. ఆవిడ చప్పుడు లేని పెదాలతో ఆ పేరు అంటూనే ఉంది.

"బతికున్నాడా అమ్మా?" సుకుమార్ పక్కనే నీళ్ళలో ఉన్నాడు. "గుంజుతున్నాడా? చెప్పండమ్మా!"

పాపాయి చెప్పలేదు. చెప్పడానికి గొంతు లేదు, ఉన్నా చెప్పేది లేదు. ఆ బరువు ఒక క్షణం గుంజినట్టుండేది, మరు క్షణం నానిన గుడ్డలా ఉండేది. ఆవిడ చాలా ఏళ్ళుగా ఈ పని చేస్తోంది, రెండింటికీ మధ్య ఇంతసేపు ఎవరూ ఊగిసలాడలేదు. చలికి ఒళ్ళు కొయ్యబారింది. గుర్రపుడెక్క వచ్చి ఒంటికి చుట్టుకుంటుంటే వీరవేణి లాగి పారేస్తోంది. ఒడ్డున ఎవరో ఆడమనిషి గంగమ్మకి మొక్కుకుంటోంది, షెల్టర్ మెట్లమీద ఎవరో తమిళంలో ప్రార్థన చేస్తున్నారు. సుకుమార్ ఏ ప్రార్థనా చెయ్యలేదు. పాపాయి పెదాలు చూస్తూ, అవి ఎలా కదిలితే అలా తనూ కదుపుతున్నాడు.

ముప్పావుగంట. అప్పుడు వైర్‌లెస్‌లో పల్లంరాజు మాట వినబడింది.

"కనపడ్డాడండి. ఎర్రనీళ్ళు నీలంనీళ్ళు కలిసే చోట. ఏదో తలుపుచెక్క మీద బోర్లా పడి ఉన్నాడు. చెక్క ఎదురొస్తందండి, మావైపే వస్తంది. మనిషి కదలట్లేదు. ఆగండి... ఆగండాగండి... దగ్గుతున్నాడు!"

వీరవేణి, సుకుమార్ కలిసి పాపాయిని ఒడ్డుకి మోసుకొచ్చారు. ఆవిడ నోరు ఇంకా కదులుతూనే ఉంది. వీరవేణి ఆవిడ దవడలు రెండు చేతుల్తో పట్టుకుని, "వచ్చేశాడత్తా, ఇక చాలు, వచ్చేశాడు," అంటే గానీ ఆగలేదు.

ఆ తర్వాత కేసు నడిచింది. ఏజెంటుని అరెస్టు చేశారు. అన్నదమ్ములిద్దరూ నెలన్నర రిమాండులో ఉండి బెయిలుమీద బయటికొచ్చారు, మళ్ళీ ఏ ఓడా ఎక్కే వీల్లేకుండా పోయింది. సువార్తమ్మ రావులపాలెం నుంచి మొగపాలెం వచ్చి పాపాయి చేతులు పట్టుకుని ఒక పూటంతా కూర్చుంది. పాపాయికి బదులు చెప్పడానికి మాట రాలేదు. కాకినాడ డాక్టర్లు చూసి, ఆ గొంతు ఇక తిరిగి రాదన్నారు. అవన్నీ తరవాత జరిగినవి. ఆ సాయంత్రం మాత్రం, ఇంకా వెలుగుండగానే, పల్లంరాజు పడవ మొగలోకి వచ్చింది. నలుగురు దిగి ఏసురాజుని దుప్పటిలో మోసుకొచ్చి ఇసకలో పడుకోబెట్టారు.

నలభై ఏళ్ళుంటాయి. అరచేతులు కాలి బొబ్బలెక్కాయి, ఉప్పుకి పెదాలు పగిలాయి. 108లో వచ్చిన నర్సు రూబీ అతని కళ్ళలో టార్చి వేసి చూసి, చెంపమీద తట్టింది.

"వినబడుతోందా అండి? మీ పేరేంటండి? పేరు చెప్పండి."

"సురే..." అన్నాడు అతను. ఆగాడు. కళ్ళు తిప్పి ఖాకీ బట్టల్లో ఉన్న చంద్రరావుని చూశాడు. నీళ్ళు కారుతున్న తమ్ముణ్ణి చూశాడు. ఇద్దరికీ అవతల చాపమీద కూర్చున్న పాపాయిని చూశాడు. ఆవిణ్ణి అతను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"ఏసురాజండి," అన్నాడు. "ఇందాక ఎవరో పిలిచారండి. మూడేళ్ళయింది ఆ పేరు విని. మా అమ్మేమో అనుకుని వచ్చేశాను."

చంద్రరావు జేబులోంచి పెన్ను తీశాడు. జాబితాలో ముప్ఫై ఏడో పేరు మీద గీత గీసి, పక్కనున్న ఖాళీలో నెమ్మదిగా రాసుకున్నాడు. సుకుమార్‌కేసి తల తిప్పి, "నీకేమవుతాడు?" అని అడిగాడు.

సుకుమార్ ఎస్సైకి జవాబు చెప్పలేదు. ఇసకలో మోకాళ్ళమీద కూలబడి, ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ వినబడేలా, "అన్నయ్యా!" అన్నాడు.